అగళి కుర్రవాడు – సింగపూరు జట్టు

పాత అనంతపురం జిల్లా పటం ముందు పెట్టుకుని చూడండి. మడకశిర ప్రాంతం కన్నడ సీమలోకి చాచిన చెయ్యిలా కనిపిస్తుంది. ఆ చేతికి చిటికెన వేలి కొసన ఉన్న ఊరు అగళి. సొంత తాలూకా పట్టణమైన మడకశిర కంటె పడమటనున్న సిరా దానికి దగ్గర. బెంగుళూరుకు పొద్దున పోయి పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరవచ్చు. హైదరాబాదు పోవాలంటే మాత్రం నాలుగు వందల కిలోమీటర్ల పైమాట!

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు వైపు పోయింది, మడకశిర మన వైపే ఉండిపోయింది. గీతలు గీసినవారు గీసి వెళ్ళారు. మాటలు మాత్రం గీతలను లెక్కచెయ్యలేదు. ఈ పల్లెల్లో ఆవును అదిలించేది కన్నడంలో, అర్జీ రాసేది తెలుగులో. సంతలో బేరం ఏ భాషలో మొదలైందో అదే భాషలో ముగుస్తుందన్న నమ్మకం లేదు.

2019 ఫిబ్రవరిలో హేమావతి శిల్పాలు చూడాలని అటు వెళ్ళాను. ఒకనాడు హెంజేరు అన్న పేరుతో నొళంబ రాజులకు రాజధానిగా వెలిగిన ఊరది. చూసి వస్తూ అగళిలో ఒక రైతు ఇంట రాత్రి బస చేశాను. వక్కతోట కొంచెం, వేరుశనగ వేసే మెట్ట కొంచెం ఉన్న పెద్దాయన. మాటల్లో నేను ఆ వేసవిలో సింగపూరు వెళుతున్నానని తెలిసి, ఆయన లోపలికి వెళ్ళి రెండు పొట్లాలు తెచ్చి నా ముందు పెట్టాడు.

“మావోడు ఆడనే ఉండాడు సామీ. ఇది శెనక్కాయల పొడి, ఇది రాగిపిండి. ఇచ్చేసి, వాడు సరిగ్గా తింటాండాడో లేదో చూసి చెప్పల్ల. అడిగితే ‘తింటాండా నాయనా’ అంటాడు గానీ, వాని మనసంతా ఏందో బంతాట మీదుంది.”

ఆ బంతాట బాస్కెట్‌బాల్ అని సింగపూరు చేరాక తెలిసింది. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ కోవెల దగ్గర కలిశాడు కుర్రవాడు. పొట్లాలు అందుకుని వాసన చూసి కాసేపు మాట్లాడలేదు. తరువాత, “అన్నా, రేపు ఫైనల్ ఉంది. మీరూ రావల్ల” అన్నాడు.

“మనకెందుకయ్యా ఆ ఆట?” అన్నాను.

“నేను సిరాలో చదివినప్పుడు నన్ను ఆంధ్రోడన్నారు. అనంతపురంలో చేరితే కన్నడోడన్నారు. 2015లో మన దేశంలో యు.బి.ఎ. అని ఒక లీగు పెట్టినారు. హైదరాబాద్ స్కై అని ఒక జట్టు, బెంగళూరు బీస్ట్ అని ఒక జట్టు. నేను దేనికి చప్పట్లు కొట్టల్ల? తేల్చుకునే లోపలే 2017తో ఆ లీగే నిలిచిపాయ. ఈడ స్లింగర్స్ కథ విన్నాక, ఇది మన జట్టే అనుకుంటి.”

ఆ కథ నిజంగా వినదగ్గదే. 2006లో ఆస్ట్రేలియా జాతీయ లీగులో హంటర్ పైరేట్స్ అనే జట్టు ఖాళీ చేసిన చోటులో సింగపూర్ స్లింగర్స్ పుట్టింది. సొంత గడ్డ మీద లీగు లేక, సముద్రం దాటి పొరుగువారి లీగులో రెండేళ్ళు ఆడింది. ప్రయాణాల ఖర్చు భరించలేక 2008లో తప్పుకుంది. మరుసటి ఏడు ఆగ్నేయాసియా దేశాలవారు కలిసి ఏసియాన్ బాస్కెట్‌బాల్ లీగు పెట్టుకోగా అందులో చేరింది. “పక్కింటోళ్ళ పంక్తిలో కూర్చుని తిన్న జట్టన్నా ఇది!” అన్నాడు కుర్రవాడు.

మరునాటి సాయంత్రం రైలెక్కి స్టేడియం స్టేషన్‌లో దిగాము. ఓ.సి.బి.సి. అరీనా మూడు వేలమంది పట్టే మందిరం. ఆట తెలియని పాఠకులకు రెండు మాటలు: పక్షానికి ఐదుగురు, పది అడుగుల ఎత్తున వల కట్టిన ఇనుప వలయం, బంతి చేతికందాక ఇరవై నాలుగు సెకండ్లలోగా దానికేసి విసిరి తీరాలి. ఆలోచించుకుంటానంటే ఒప్పుకోరు!

ఎదుటి పక్షం ఇండొనేషియాలోని సురబాయ నుంచి వచ్చిన సి.ఎల్.ఎస్. నైట్స్. ఐదింటిలో మూడు ఆటలు గెలిచినవారిదే కప్పు. అప్పటికి చెరి రెండు గెలిచారు. స్లింగర్స్ 2016లో మలేషియా జట్టు చేతిలో, 2017లో హాంకాంగ్ జట్టు చేతిలో ఇదే మెట్టు మీద జారిపడ్డారు. కుర్రవాడు కుర్చీలో కూర్చుంటే ఒట్టు.

స్లింగర్స్ కోసం చెమటోడుస్తున్నవారిలో జేవియర్ అలెగ్జాండర్ అమెరికావాడు. ఎదుటి జట్టులో దూరం నుంచి గురిచూసి వేస్తున్న వాంగ్ వెయ్ లాంగ్ అచ్చమైన సింగపూరువాడు! తన దేశపు జట్టుకు ఆడినవాడు, ఇంతకు ముందు ఈ స్లింగర్స్‌లోనే ఉన్నవాడు. నాకు తల తిరిగింది. ఇంటివాడు అటు, బయటివాడు ఇటు. ఎవరు మనవారు? చిటికెన వేలి కొసన పుట్టిన కుర్రవాడికి మాత్రం ఇందులో వింత ఏమీ కనిపించినట్టు లేదు.

కొద్ది తేడాతో సురబాయవారు గెలిచారు. కప్పు సముద్రం దాటిపోయింది.

తిరుగు రైలులో కుర్రవాడు ఇంటికి ఫోను చేశాడు. సంభాషణ కన్నడంలో నడిచినా నాకు అర్థం కాకపోలేదు. అటునుంచి పెద్దాయన అడిగింది ఒకటే: మనవాళ్ళు గెలిచారా?

“ఓడిపోయారు నాయనా. గెలిచినవాళ్ళలోనూ ఒకడు ఈ ఊరివాడే ఉన్నాడు” అన్నాడు కుర్రవాడు. అటు కాసేపు మౌనం. ఆపైన పెద్దాయన ఏమన్నాడో గాని, కుర్రవాడు నవ్వేశాడు.

“ఏమన్నారు?” అని అడిగాను.

“‘అట్లయితే సగం గెలిచినట్లే గదరా, పొడి కలుపుకుని తిని పండుకో’ అన్నాడన్నా.”

వచ్చే ఏడు చూసుకుందామన్నాడు కుర్రవాడు దిగేటప్పుడు. ఆ వచ్చే ఏడు సగంలోనే తెగిపోయింది. 2020 మార్చిలో కరోనా వచ్చి పోటీలను ఆపింది. తరువాత రద్దు చేశారు. 2023లో చిన్నపాటి పోటీగా మళ్ళీ జరిపారు. జట్లు ఊళ్ళు మారతాయి, లీగులు పుడతాయి, ఆగుతాయి.

అగళి మాత్రం పటంలో ఉన్నచోటే ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. సింగపూరు కుర్రవాడు పొట్లాల మీది చిరునామాలో ఒక పంక్తి దిద్దుకోవలసి వచ్చింది, అంతే.