చేతులతో నడిపిన నడిగడ్డ దారి

గద్వాల నుంచి వనపర్తి, అక్కణ్నుంచి నాగర్‌కర్నూలు. మామూలుగా అయితే ఒక పూట ప్రయాణం. నేను మాత్రం రోజంతా పెట్టుకుంటాను. ఎందుకంటే నాకది షికారే కాదు, ప్రాక్టీసు కూడా.

నాది టీఎస్‌డీ ర్యాలీ పిచ్చి. టైమ్, స్పీడ్, డిస్టెన్స్ అన్నమాట. ఇందులో అందరికంటే వేగంగా ఉరికినవాడు గెలవడు. గంటకు 42 కిలోమీటర్ల సగటుతో వెళ్లమంటే అలాగే వెళ్లాలి. దారిలో ఎక్కడో కనపడకుండా కూర్చున్న మార్షల్ దగ్గరికి ఆలస్యంగా వచ్చినా, ముందే వచ్చినా పెనాల్టీనే. ఆరేళ్ల కిందట వెన్నుపూస దెబ్బతిని నా కాళ్లు చచ్చుబడ్డాయి. ఇక ఆ ముచ్చట మర్చిపొమ్మన్నారు అందరూ.

నాకు మాత్రం క్లే రెగజోని గుర్తొచ్చాడు. 1980లో లాంగ్ బీచ్ రేసులో నడుం కింద చచ్చుబడిపోయిన ఆయన, చేతులతో నడిపే బండిలో ప్యారిస్-డకార్‌కు వెళ్లాడు. 2001లో రెండు కాళ్లూ పోగొట్టుకున్న అలెక్స్ జానార్డి, 2003లో అదే ట్రాక్ మీదికొచ్చి మిగిలిన 13 ల్యాపులూ పూర్తిచేశాడు.

నాది ఆటోమేటిక్ గేర్ల కారు. స్టీరింగ్ పక్కన లివర్ ఉంటుంది. ముందుకు నెడితే బ్రేకు, వెనక్కి లాగితే యాక్సిలరేటర్. రెండో చేత్తో తిప్పడానికి స్టీరింగ్ మీద గుండ్రటి పిడి. 2019 సవరణ తర్వాత మోటారు చట్టంలో ఇలాంటి బండికి ‘అడాప్టెడ్ వెహికల్’ అని పేరు.

తెల్లవారుజామున గద్వాల మట్టికోట దగ్గర బయల్దేరాం. నావిగేటర్ మా బామ్మర్ది. ఎర్రవల్లి చౌరస్తాలో 44వ నంబరు హైవే ఎక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేదాకా అంతా సాఫీ. ‘బావా, పన్నెండు సెకన్లు ముందున్నం, జర తగ్గించు’ అన్నాడు. లివర్ మీద వేలంత ఒత్తిడి సడలిస్తే చాలు.

పెబ్బేరు దగ్గర హైవే దిగి శ్రీరంగాపురం వైపు తిరిగాక అసలు పరీక్ష. స్పీడ్ బ్రేకర్ తగిలితే కాళ్లు వాటంతటవే బిగుసుకుని ఎగిరిపడతాయి. మలుపులో ఆనుకోవడానికి పాదాల బలం లేదు కాబట్టి ఛాతీకి అడ్డంగా ఇంకో బెల్టు కట్టుకుంటాను. పైగా ఒకేచోట కూర్చుంటే పుండ్లు పడతాయి, నొప్పి తెలియదు. అందుకే ముప్పావుగంటకోసారి బండాపి, చేతుల మీద ఒళ్లు పైకి లేపాలి. ఆ రెండు నిమిషాలు ఎక్కడ పెట్టుకోవాలన్నదే ర్యాలీలో మా పెద్ద లెక్క.

అలా ఆగినప్పుడే గొర్లమంద దారికడ్డం వచ్చింది. కాపరి పెద్దాయన అద్దంలోంచి తొంగిచూసి, ‘కాళ్లు కదలకుంట బండెట్ల పోతది సారూ?’ అన్నాడు. లివర్ లాగి చూపించాను. ‘అంతేనా! ఎడ్లబండి లెక్కనే గద. పగ్గాలు చేతులనే ఉంటయి’ అని మందను తోలుకుంటూ వెళ్లిపోయాడు.

శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి గుడిని, పక్కన చెరువును కారులోంచే చూశాను. వనపర్తి సంస్థానాధీశుల ప్యాలెస్ ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ. దాని ముందు చాయ్ తాగి, గోపాల్‌పేట మీదుగా సాగిపోయాం. రోడ్డు మీద ఆరబోసిన వడ్లను తప్పిస్తూ సగటు నిలబెట్టాలంటే చేతులకు చెమటలే. నాగర్‌కర్నూలు కేసరి సముద్రం కట్ట చేరేసరికి బామ్మర్ది గడియారం ఆపాడు. ఆఖరి సెక్షన్‌లో నాలుగు సెకన్లు ఆలస్యం. ఒకప్పుడు పాదాలతో నడిపినప్పుడు రెండు సెకన్ల లోపే ఉండేది. ఆ రెండు సెకన్లు ఎక్కడ పోయాయో ఇద్దరం కట్ట మీద కూర్చుని రోడ్‌బుక్ తిరగేశాం.

నాలాంటివాళ్లెవరైనా ఈ దారిన వెళ్లాలనుకుంటే చలికాలం మేలు. వెన్నుదెబ్బ తిన్న ఒంటికి చెమట సరిగా పట్టదు, పాలమూరు ఎండ తట్టుకోలేం. మెత్తటి కుషన్, కావలసినన్ని నీళ్లు, లెక్క తప్పని బామ్మర్ది ఉంటే చాలు.