బోధన్ నుంచి హైదరాబాద్ ఎంత దూరం?

గూగుల్ మ్యాప్స్‌ని అడిగితే 200 కిలోమీటర్లు అంటుంది, ఐదో పదో అటూ ఇటూ. మా తాతని అడిగితే మాత్రం "ఎట్ల పోతున్నవ్ రా?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. పోయిన మే నెల వరకు మ్యాప్స్ జవాబే కరెక్ట్ అనుకున్నాను. తాతది పాతకాలం మాట అనుకున్నాను.

మా బాబాయి పోయిన సంవత్సరం సెకండ్ హ్యాండ్‌లో ఒక ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. కంపెనీ పేరు అనవసరం, ఎందుకంటే తప్పు కారుది కాదు. 30 యూనిట్ల బ్యాటరీ. యూనిట్ అంటే మన ఇంటి కరెంటు బిల్లులో ఉండే యూనిటే, ఒక కిలోవాట్ అవర్. రాత్రి ఇంట్లో 15 ఆంప్స్ సాకెట్‌కి పెడితే తెల్లారేసరికి ఫుల్. బోధన్ నుంచి నిజామాబాద్‌కి రోజూ పోయి రావడానికి బాబాయికి అది బంగారం లాంటి బండి. బ్రోషర్ మీద రేంజ్ 300 పైచిలుకు అని ఉంది. నిజామాబాద్ దాకా పోయి వస్తే 55 కిలోమీటర్లు. రేంజ్ గురించి ఆలోచించాల్సిన అవసరమే రాలేదు.

మేలో నేను హాస్టల్ నుంచి ఇంటికి వచ్చాను. తాతకి హైదరాబాద్‌లో కంటి డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంది, మధ్యాహ్నం 3 గంటలకి. నెల కిందటే తీసుకున్నది. బస్సులో తాత నడుము పట్టేస్తుంది. "ఈ కారు పోతదారా అంత దూరం?" అని బాబాయి నన్ను అడిగాడు. ఎందుకంటే ఇంట్లో కంప్యూటర్ సైన్స్ చదివేది నేనే. ఫ్యాన్ రెగ్యులేటర్ పాడైనా నన్నే అడుగుతారు.

నేను లాప్‌టాప్ తెరిచి పైథాన్‌లో పన్నెండు లైన్ల స్క్రిప్ట్ రాశాను. 300 కిలోమీటర్లకి 30 యూనిట్లు, కాబట్టి 200 కిలోమీటర్లకి 20 యూనిట్లు. ఇంకా 10 మిగులుతాయి. ఏసీకి కొంచెం తీసేసినా పర్వాలేదు. "ఆరామ్‌గా పోతది బాబాయ్. ఛార్జింగ్ కోసం ఆగే పనే లేదు" అన్నాను. స్క్రీన్ మీద ఆకుపచ్చ రంగులో రిజల్ట్ కూడా చూపించాను. ఆ ఆకుపచ్చ రంగు కూడా నేను పెట్టిందే.

పదకొండున్నరకి బయల్దేరాం. నిజామాబాద్ దాటి డిచ్‌పల్లి దగ్గర నేషనల్ హైవే 44 ఎక్కేదాకా అంతా బాగానే ఉంది. బ్యాటరీ 81 శాతం. ఆ తర్వాత నాలుగు లైన్ల రోడ్డు, ఖాళీగా. బాబాయి 100 కి తీసుకెళ్లాడు, తర్వాత 105. ఇందల్వాయి టోల్ దాటాం. శబ్దం లేని బండి కదా, స్పీడ్ తెలియదు. వెనక సీట్లో తాత తువ్వాల భుజం మీద వేసుకుని కిటికీలోంచి చూస్తున్నాడు.

కామారెడ్డి దగ్గర బ్యాటరీ 52 శాతం. హైదరాబాద్ ఇంకా 115 కిలోమీటర్లు. నా లెక్క ప్రకారం అక్కడికి 70 పైన ఉండాలి. నాకు గుండె ఝల్లుమంది. బయటికి మాత్రం ధీమాగా "ఏసీ బంద్ చేద్దాం బాబాయ్, అదే తింటున్నది కరెంటంతా" అన్నాను.

బంద్ చేశాం. బయట మే నెల, మధ్యాహ్నం ఒంటి గంట. అద్దాలు సగం దించితే పొయ్యి ముందు కూర్చున్నట్టు గాలి. తాత తువ్వాలని నీళ్లతో తడిపి తలమీద వేసుకున్నాడు. ఒక్క మాట అనలేదు. స్పీడ్ మాత్రం అదే 105, ఎందుకంటే ఆలస్యం అవుతుందని భయం. రామాయంపేట వచ్చేసరికి 29 శాతం. ఇంకా 85 కిలోమీటర్లు ఉంది.

అక్కడ ఒక హోటల్ దగ్గర ఛార్జర్ దొరికింది. గన్ ఒక్కటే, ముందు ఇంకో కారు ఉంది. ఆ కారు 50 నిమిషాలు, మా కారు 40 నిమిషాలు. హైదరాబాద్ చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. డాక్టర్ వెళ్లిపోయారు. మళ్లీ పన్నెండు రోజుల తర్వాత రమ్మన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బాబాయి నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. స్క్రిప్ట్ మళ్లీ తెరిచాను. బగ్ ఎక్కడుందో పట్టుకోవాలి కదా. కోడ్‌లో బగ్ లేదు. నేను ఇచ్చిన ఇన్‌పుట్‌లోనే ఉంది.

మన దేశంలో కారు రేంజ్ కొలిచే పద్ధతి పేరు మోడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్. బండి రోడ్డు మీద పోదు, లోపల రోలర్ల మీద తిరుగుతుంది. ఆగడం, కదలడం, మళ్లీ ఆగడం, ఇలా ఊళ్లో నడిపే భాగం ఒకటి. ఊరి బయట నడిపే భాగం ఇంకొకటి. రెండూ కలిపితే 1180 సెకన్లు, పదిన్నర కిలోమీటర్లు. అంటే సగటు వేగం గంటకి 32 కిలోమీటర్లు. మొత్తంలో ఎక్కువలో ఎక్కువ వేగం 90, అది కూడా కాసేపే. ఏసీ ఉండదు. బ్రోషర్‌లో అబద్ధం లేదు. బోధన్ బస్టాండ్ రోడ్డు మీద బండి నడిపినట్టు నడిపితే ఎంత దూరం వస్తుందో అది చెప్తోంది. నేను ఆ నంబర్‌ని తీసుకెళ్లి హైవే మీద పెట్టాను.

హైవే మీద ఏం మారుతుంది? గాలి. ఇంటర్ ఫిజిక్స్‌లో ఫార్ములా బట్టీ పట్టాను, ఎంట్రన్స్‌లో మార్కు కూడా వచ్చింది. కానీ ఆ ఫార్ములా మా తాత కూర్చున్న కారుకి కూడా వర్తిస్తుందని అప్పుడు తట్టలేదు. గాలి వెనక్కి తోసే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెండింతలైతే ఆ బలం నాలుగింతలు. 80 నుంచి 100 కి పోతే వేగం పెరిగేది 25 శాతమే, గాలి బలం పెరిగేది 56 శాతం. టైర్లకీ రోడ్డుకీ మధ్య ఉండే రాపిడి అలా పెరగదు, దాదాపు అంతే ఉంటుంది. మా బండి లాంటి దానికి లెక్క వేస్తే 70 వరకు టైర్లది పైచేయి, 70 దాటాక గాలిదే రాజ్యం.

నలుగురు మనుషుల బరువు, మామూలు సైజు కారు, ఏసీ గంటకి ఒకటిన్నర యూనిట్లు, బ్యాటరీలో వాడుకోగలిగింది 28 యూనిట్లు అనుకుని మళ్లీ లెక్క కట్టాను. ఇవి నా అంచనాలు, ల్యాబ్ రిజల్ట్స్ కావు. 60 లో పోతే 220 కిలోమీటర్లు. 80 లో 185. 100 లో 145. 120 లో 115. కారు అదే, రోడ్డు అదే, బ్యాటరీ అదే.

ఇంకో చిన్న విషయం కూడా మర్చిపోయాను. బోధన్ కంటే హైదరాబాద్ దాదాపు 150 మీటర్లకు పైనే ఎత్తులో ఉంది. రోడ్డు మీద మనకి ఎక్కుతున్నట్టే తెలియదు. కానీ పోయేటప్పుడు ఆ ఎత్తుకి నాలుగైదు కిలోమీటర్ల రేంజ్ కట్టాలి. వచ్చేటప్పుడు అందులో చాలావరకు తిరిగి ఇస్తుంది.

బాబాయి ఎందుకు మోసపోయాడో కూడా అప్పుడే అర్థమైంది. ఆయన పదిహేనేళ్లు డీజిల్ బండి నడిపాడు. "హైవే మీద మైలేజ్ ఎక్కువొస్తది" అనేది ఆయనకి అనుభవం. అది నిజం కూడా. ఇంజన్ బండి ఊళ్లో ఆగుతూ కదులుతూ ఇంధనం తగలేస్తుంది, హైవే మీద కుదురుకుంటుంది. మోటార్ బండి దీనికి ఉల్టా. ఊళ్లో బ్రేక్ వేసినప్పుడల్లా కొంత కరెంటు బ్యాటరీలోకి తిరిగి వస్తుంది. హైవే మీద బ్రేకే వేయకపోతే వెనక్కి వచ్చేది ఏముంది? పైగా ఒక లీటర్ పెట్రోల్‌లో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే మా బ్యాటరీ మొత్తం కలిపి మూడు లీటర్ల పైచిలుకు పెట్రోల్‌తో సమానం. మోటార్ పొదుపరి కాబట్టి అంత కొంచెంతోనే అంత దూరం పోగలుగుతుంది. కానీ చిన్న డబ్బీలో ఎంత తీసినా వెంటనే కనబడుతుంది.

ఇంటర్నెట్‌లో వెతుకుతుంటే ఒక విషయం దొరికింది. గంటకి 100 కిలోమీటర్లు దాటిన మొట్టమొదటి కారు ఏదో తెలుసా? ఎలక్ట్రిక్ కారే. 1899లో, పారిస్ దగ్గర, బెల్జియం మనిషి కామిల్ జెనాట్జీ నడిపాడు. గాలిని కోయడానికి బండిని టార్పెడో ఆకారంలో చేశారు. ఫొటో చూస్తే నవ్వొస్తుంది, డ్రైవర్ మాత్రం నడుము దాకా బయటే కూర్చున్నాడు. స్పీడ్ సుమారు 106. కామారెడ్డి దగ్గర మాదీ అంతే.

అసలు నన్ను నిద్రపోనివ్వని లెక్క వేరే ఉంది. 100 లో పోతూ ఏసీ బంద్ చేస్తే 100 కిలోమీటర్లకి ఒకటిన్నర యూనిట్లు మిగులుతాయి. ఏసీ అలాగే ఉంచి స్పీడ్ 100 నుంచి 80 కి తగ్గిస్తే 4 యూనిట్లు మిగులుతాయి. అంటే తాతని ఎండలో ఉడికించి నేను మిగిల్చిన దానికంటే రెండున్నర రెట్లు ఎక్కువ, బాబాయి కాలు కొంచెం పైకి లేపితే మిగిలేది. డిచ్‌పల్లి నుంచి మేడ్చల్ దాకా 80 లో పోతే అదనంగా పట్టేది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల కోసం గంటన్నర పోగొట్టాం. తప్పు లెక్క వేయడం ఒక తప్పు. ఆ తప్పుకి ఫైన్ ఇంకొకరి చేత కట్టించడం ఇంకో తప్పు.

పొద్దున్నే తాత దగ్గరికి పోయి ఇదంతా చెప్పాను. సారీ అని కూడా చెప్పాను, మా ఇంట్లో ఎవరూ వాడని మాట అది. తాత బోధన్ శక్కర్‌నగర్ షుగర్ ఫ్యాక్టరీలో కాటా దగ్గర పనిచేసి రిటైర్ అయ్యాడు. నిజాం కాలం నాటి ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2015 డిసెంబర్‌లో మూతపడింది. అప్పుడు నేను చిన్న పిల్లాడిని. ఆ చిమ్నీలోంచి పొగ రావడం నాకు సరిగా గుర్తు కూడా లేదు. తాతకి మాత్రం ప్రతిదానికీ అక్కడిదే పోలిక.

"కాటా మీద బరువు ఒక లెక్క, రికవరీ ఒక లెక్క రా" అన్నాడు. "వంద కిలోల చెరుకుకు పది కిలోల శక్కెర పడితే మంచిగ పడ్డట్టు. అదే చెరుకును కొట్టి రెండు మూడు రోజులు ఎండల వడేస్తే? బరువు పోతది, శక్కెర పోతది. చెరుకు అదే. చేనుల చూసి ఇంత శక్కెర అని చెప్పేటోన్ని మేం నమ్మకపోయేది. ఎప్పుడు కొట్టినవ్, ఎట్ల తెచ్చినవ్ అని అడిగేది."

బ్రోషర్ అంటే చేనులో నిలబడ్డ చెరుకు. నాకు రాత్రంతా పట్టిన విషయం ఆయనకి ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరమే తెలుసు.

తర్వాత ఇంకో మాట అన్నాడు. "ఎడ్లబండి తోలేటోడు ఎడ్లను ఉరికియ్యడు. ఊరు దూరముంటే ఇంకా ఉరికియ్యడు."

పన్నెండు రోజుల తర్వాత మళ్లీ బయల్దేరాం. ఈసారి గంట ముందే. ఏసీ ఆన్, స్పీడ్ 80 దాటొద్దని బాబాయికి ముందే చెప్పాను. లారీలు హారన్ కొట్టి మరీ దాటిపోతుంటే బాబాయి మొహం చూడాలి. "ఇజ్జత్ పోతున్నది రా" అన్నాడు. కామారెడ్డికి 59 శాతంతో చేరాం. అక్కడ ముందే చూసిపెట్టుకున్న ఛార్జర్ దగ్గర అరగంట ఆగాం, చాయ్ తాగాం. తాత కాళ్లు చాపుకున్నాడు. హైదరాబాద్‌లో డాక్టర్ గదిముందు కూర్చునేసరికి ఇంకా ముప్పావుగంట టైముంది. ఆపరేషన్‌కి డేట్ ఇచ్చారు.

తిరిగి వస్తుంటే తాత ముందు సీట్లో కూర్చున్నాడు. నెమ్మదిగా పోతున్నాం కాబట్టి రోడ్డు పక్కన చూడటానికి టైం దొరికింది. నిజామాబాద్ దాటాక ఒక్కొక్క చేను చూపిస్తూ "ఇదంత చెరుకు ఉండేది, ఇప్పుడు వరి" అన్నాడు. ఒక కన్ను మసక. అయినా ఏ చేను ఎవరిదో, ఏ ఊరి బండ్లు కాటాకి ముందు వచ్చేవో చెప్పాడు. ఇన్నేళ్లు ఆ రోడ్డు మీద నేను ఫోన్ చూసుకుంటూ పోయాను.

స్క్రిప్ట్ ఇప్పుడు 60 లైన్లు అయింది. మొదట దూరం అడగదు. "ఎంత స్పీడ్‌లో పోతారు?" అని అడుగుతుంది. తర్వాత ఎండ ఎంత, మనుషులు ఎందరు, ఎక్కుడా దిగుడా అని. చివర్లో ఒక ఇఫ్ కండిషన్ పెట్టాను. బండిలో పెద్దవాళ్లు ఉంటే, ఏసీ బంద్ చేయమనే సలహా అసలు ప్రింట్ కాదు.