గడపల యిల్లు

కాకినాడలోని అద్దె యింటిని విడిచి మా పుట్టినింటికి కాపురము మార్చుకొన్ననాడు సామానంతయు వ్యానుకెత్తించి యెదుర్లంక వంతెన మీదుగా పంపివేసితిమి. మేము మాత్రము కోటిపల్లి రేవునకు బయలుదేరితిమి. 2002లో ఆ వంతెన వచ్చినది మొదలు మావైపువారు రేవును తలచుట తగ్గినది. "బండిలో కూర్చుంటే ఇంటి ముందే దిగవచ్చు గదా, ఇసుకలో ఎలా నడుస్తావు?" అని మా వారు వారించిరి. చిన్ననాట గౌతమిని పంటుమీద దాటనిదే మాకు ఊరు చేరినట్లుండెడిది కాదు. అందుచే మేము వినలేదు.

వారి మాటయే నిజమైనది. ద్రాక్షారామ భీమేశ్వరునకు దారినుండియే మ్రొక్కి రేవు చేరునప్పటికి మా మోకాళ్లు రెండును కొయ్యలవలె బిగిసినవి. గట్టునుండి నీటివఱకు గల యా యిసుక వాలు పూర్వము మేము పరుగున దిగినదే. నాడు దిగుటకు పావుగంట పట్టినది. పంటు నడుపువాడు బల్ల వేసి, "కంగారు పడకండమ్మా, మీరెక్కేదాకా కదిలించం" అనెను. మోటారు బండ్లవారు, బడిపిల్లలు, అరటిగెలలవారు అందఱును మాకొఱకు నిరీక్షించిరి. అంతమంది చూచుచుండగా అడుగు తీసి అడుగు వేయుట నొప్పికంటె నెక్కువ బాధ. కాని నది నడుమకు వచ్చి, ముక్తేశ్వరము వైపు కొబ్బరితోపులు నల్లని గీతవలె కనబడగానే, వచ్చుట మంచిదే యనిపించినది. ఈ మాట మా వారితో ఇంతవఱకును చెప్పలేదు.

మాకు 36 ఏండ్లు. కీళ్లవాతము పట్టి ఆఱేండ్లయినది. ముసలితనమున కీళ్లు అఱుగుట వేఱు, ఇది వేఱు. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే దారి తప్పి కీళ్లలోపలి పొరను గాయపఱచుటచే ఇది కలుగునని వైద్యులు చెప్పుదురు. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడింతలు హెచ్చుగా వచ్చును. ఆయుర్వేదమున చెప్పిన ఆమవాతముతో దీనిని పోల్చుదురు. తెల్లవారి లేచునప్పుడు వ్రేళ్లును మణికట్లును గంటకు పైగా బిగిసియుండుట దీని ముఖ్య లక్షణము. ఆ గంట గడచువఱకు చీర కుచ్చెళ్లు పోసికొనుటయు, సీసా మూత తీయుటయు మాకు అసాధ్యములు. ఇరుగుపొరుగువారు మాత్రము, "ముప్పై దాటీ దాటకుండానే వాతమేమిటమ్మా!" యని బుగ్గలు నొక్కుకొందురు. వావిలాకు కాచిన నీటి కాపడము హాయిగానే యుండును. నల్లేరు పచ్చడి రుచిగానే యుండును. వ్యాధి వానికి లొంగలేదు.

ఇక ఇల్లు. మాది నాలుగువైపుల వసారాలును నడుమ ఆకాశమును గల మండువా లోగిలి. నాలుగు కప్పుల వాననీరును మండువాలో పడి తూముగుండ పెరటిలోనికి పోవును. ఇట్టి యింటిని చూచి పట్టణమువారు "ఎంత అందం!" అందురు. మేమును అట్లే యనుచుంటిమి. ఇప్పుడు మాకు అందమునకు ముందు లెక్క తోచును. వీధినుండి అరుగునకు 5 మెట్లు. సింహద్వారమునకు జానెడెత్తు గడప. నడవకొకటి, వంటింటికొకటి, పెరటి వాకిటికొకటి. మండువాలోనికి దిగుట యొకటి, ఎక్కుట యొకటి. చుట్టు తిరిగి పోవుదమన్న 40 అడుగులు. మా మంచమునుండి స్నానాలగదికి 62 అడుగులు, 3 గడపలు. రాత్రివేళ మేల్కొన్నప్పుడు ఈ లెక్క చూచుకొని, తెల్లవారువఱకు ఆగుదమా యని ఆలోచించిన దినములు కలవు.

మెట్లును గడపలును ఎవరో వేడుకకు పెట్టినవి కావు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన మహావరద మా పుట్టుకకు పూర్వపు మాట. నీరు నాలుగవ మెట్టు తాకి నిలిచినదని నాన్నగారు ఆ మెట్టుపై ఉలితో గీత కొట్టించిరి. అయిదవ మెట్టు ఇంటిని కాపాడినది. 1996 నవంబరు 6వ తేదీ తుఫాను మేమెఱిగినదే. అప్పుడు మాకు ఆఱేడేండ్లు. గాలి హోరునకు తలుపు లోనికి విఱిగిపడునట్లుండగా నాన్నగారును పాలేరును తిరగలిరాళ్లను, పొత్రములను దొర్లించి తెచ్చి తలుపు వెనుక పేర్చిరి. తలుపు అడుగు గడపకు ఆనుకొని నిలిచినది. తెల్లవాఱి చూతుము గదా, మా దొడ్డిలోని కొబ్బరిచెట్లలో సగము నేలకొఱగినవి. పెంకులు ఎగిరిపోయినవిగాని యింటిలోని వారికి దెబ్బ తగులలేదు. అట్టి గడపను కోయింపుమని అమ్మతో ఎట్లు చెప్పగలము?

మండువా మూలనున్న టేకు స్తంభములలో ఒకదాని సంగతి చెప్పవలెను. ఏజెన్సీ యడవులలో కొట్టిన మ్రాను గోదావరిలో తెప్పగా వచ్చినదని పెద్దలు చెప్పుకొనెడివారు. వచ్చిన నాలుగవనాడో అయిదవనాడో చీకటితో లేచి, తడవుకొనుచు ఆ స్తంభము పట్టుకొంటిమి. చేయి పడినచోట కొయ్య నున్నగా, కొంచెము గుంటపడి, అద్దమువలె నున్నది. మిగిలిన స్తంభములను తడవి చూచితిమి. వానికి అట్లు లేదు. అప్పుడు మామ్మ జ్ఞాపకము వచ్చినది. ఆమె వ్రేళ్లు వంకరలు తిరిగి యుండెడివి. ఆ స్తంభము పట్టుకొని యొక క్షణము నిలిచి, "రామా" యని మండువాలోనికి దిగెడిది. మేమును మా పినతండ్రి పిల్లలును ఆమె వెనుక చేరి, ఒక చేయి నడుమున పెట్టుకొని, వంగి, ఆమె నడక నడిచి నవ్వుకొనెడివారము. ఒకనాడామె వెనుదిరిగి చూచినది. కోపపడలేదు. "బాగా వచ్చిందే నీకు" అని మాత్రము అనినది. ఆమెకు ఏ వైద్యుడును వ్యాధి పేరు చెప్పలేదు. మందు మాట యటుండనిండు, మంచము ఎక్కుటకైన ఆమె యెఱుగదు. కడవఱకు నేలమీద చాపయే.

ఆ వసారాలోనే నాన్నగారు మాకు పోతనగారి భాగవతము చెప్పిరి. దశమస్కంధమున కుబ్జ కథ మాకు మిక్కిలి యిష్టము. శ్రీకృష్ణుడామె పాదములపై తన పాదముంచి, రెండు వ్రేళ్లతో చుబుకమెత్తి నిటారుగా నిలిపెను. కథ యంతయు ఆ క్షణమునదే. అంతకు ముందు ఎన్ని యేండ్లు ఆమె వంగి, రాజుగారికి చందనము మోసినదో, ప్రొద్దుట లేచునప్పుడు ఆమె వెన్ను ఎట్లుండెనో కథలో లేదు. మామ్మ ఆ పాఠములు స్తంభమునకు చేరగిలబడి వినెడిది. ఆమె యేమనుకొనెనో అడుగవలెనని నాడు తోచలేదు.

సోదరీమణులారా, పుట్టినింట సుఖపడుదురని మీరనుకొందురేమో. అత్తవారింట నొప్పి దాచుకొనవచ్చును, తల్లికడ దాచుట కష్టము. అమ్మకు 67 ఏండ్లు. మాకు ముందే లేచి ముగ్గు పెట్టును, పప్పు రుబ్బును, మజ్జిగ చిలుకును. "అమ్మా, ఉంచు, నేను చేస్తాను" అందుము. లేచి పోవునప్పటికి పని అయిపోయి యుండును. ఒక మంగళవారము మేము కన్నీరు పెట్టుకొనుట చూచి, కాఫీతోబాటు మాత్ర తెచ్చి, "నొప్పి ఎక్కువగా ఉంది గదమ్మా, ఇంకోటి వేసుకో" అనెను. అది మెతోట్రెక్సేటు. వారమునకు ఒక్క దినము మాత్రమే వేసికొనవలసినది. దినదినమును వేసికొన్నచో ప్రాణముమీదికే వచ్చును. మేము చెప్పగానే అమ్మ చేయి వణికినది. నాటినుండి ఆ డబ్బామీద "ఆదివారము" అని పెద్దయక్షరములతో వ్రాసియుంచితిమి. ఇట్టి మందులున్న యింట మీరును అట్లు చేయుడు.

గడపమాట మొదట ఎత్తినవారు మా వారు. అమ్మ, "తుఫానునాడు తలుపు నిలిపింది అదే నాయనా" యని లోనికి పోయినది. మేమిక అడుగలేదు. ముసురుపట్టిన యొకనాటి వేకువను గంజిగిన్నెతో వంటింటి గడపకడకు వచ్చి, కాలు లేవక, గిన్నె క్రింద నుంచి, రెండు చేతులతో మోకాలిని ఎత్తి అవతల పెట్టుకొంటిమి. వెనుకకాలు తగిలి గిన్నె దొర్లినది. తలయెత్తి చూచితిమి, అమ్మ పొయ్యికడ నిలిచి చూచుచున్నది. మాటలాడలేదు. గంజి తుడిచినది. మధ్యాహ్నమునకు వడ్రంగి వచ్చెను.

"గడప కోస్తే ఇంటికి మంచిది కాదండమ్మగారూ" అని వాడు గొణిగెను. "వీధి గడప ముట్టుకోకు. దానికి ఇటూ అటూ వాలుబల్ల వెయ్యి. వంటింటిది కోసెయ్యి" అని అమ్మ చెప్పినది. కోసిన ముక్కను కడిగి, పసుపు రాసి, దేవుని గూటిలో పెట్టినది. సాయంకాలమునకు ఆ చోట నున్నని పలక అమరినది. మేము దాటబోవుచుండగా, "ఉండు, నిలుస్తుందో లేదో చూడనీ" అని అమ్మ ముందు నడిచినది. ఇన్నాళ్లును ఆ వాకిట ఆమె ద్వారబంధము పట్టుకొని దాటుచున్న సంగతి అప్పుడు గాని మాకు తట్టలేదు; ఏలనన చేయి అలవాటున అటు పోయి, మరల వెనుకకు వచ్చినది. "బాగానే ఉంది" అని, పట్టుకొనకయే దాటి, పొయ్యి వైపు పోయినది.