కావిడికి ఎన్ని కిలోలు?

హాస్టల్ మెస్ కమిటీలో లెక్కలు నా వంతు. వంటల ఖరీదు కట్టడానికి కంప్యూటరులో ఒక ప్రోగ్రాం ఉంది. అందులో చింతపండు అనే దినుసు ఒక్కటే గాని, కొన్న సరుకులు విడివిడిగా రాయాలి: సీతంపేట సంతలో కొన్న పిక్క చింతపండు ఒకటి, 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ అమ్మే పిక్క తీసిన పొట్లం మరొకటి. రెంటినీ ఒకే ధరలో కలిపేస్తే పులిహోర లెక్క తప్పుతుంది. పిక్కతో కిలో 60 రూపాయలనుకోండి. పిక్క, ఈనె పోగా 600 గ్రాములే మిగిలితే అసలు ధర కిలో 100 అన్నమాట! పిక్కలు తీసే ఆడవాళ్ల కూలికి మాత్రం అందులో గడి లేదు.

అనాస దగ్గర ప్రోగ్రాం మొరాయించింది. దానికి కిలోలు కావాలి. మా కొండ మీంచి దిగే పండేమో కావిడి లెక్కన అమ్ముడవుతుంది. బేరగాడు తట్టల వైపు ఓ చూపు చూసి రేటు చెబుతాడు. తూకం ఊసే ఉండదు. మా నాన్న ఏళ్ల తరబడి మోసిందీ ఆ కావిడే.

ఈసారి మెస్సుకొచ్చిన కావిడిని కాటా మీద పెట్టించాను. తొక్క, కళ్లు తీసి మళ్లీ తూచాను. ధరను కిలోలతో భాగిస్తే మెస్సు లెక్క తేలింది. ఆ కిలోల అంకెనే కాగితం మీద రాసి ఇంటికీ పంపాను. వచ్చే కాపుకి నాన్న కాటా అడుగుతాడట. బేరగాడు ఏమంటాడో చూడాలి.