హిట్ క్లాసులో వారం రోజులు, మన రక్తం గురించి కొన్ని మాటలు

ఇది కొంచెం పెద్ద పోస్టు. మెస్ లైన్లో నిలబడి చదివేది కాదు, రాత్రి స్టడీ అవర్ అయ్యాక తీరిగ్గా చదవండి. కానిస్టేబుల్‌కి, అగ్నివీర్‌కి ప్రాక్టీస్ చేస్తున్న అన్నలు, అక్కలు, జిమ్‌లో చేరదామనుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం చివరిదాకా చదవాలని నా కోరిక.

నాది పాడేరు వైపు, హుకుంపేట మండలం. విశాఖలో డిగ్రీ రెండో సంవత్సరం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. హాస్టల్లో మా రూమ్‌లో ఆరుగురం ఉంటాం. అందులో ఒక సీనియర్ అక్క కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారవుతోంది. ఒక రోజు వచ్చి, "ఒసే, బస్టాప్ అవతల కొత్త జిమ్ పెట్టారు. వారం రోజులు ఫ్రీ అంట. అందరూ కలిసి చేసే క్లాసు. వస్తావా?" అంది. ఫ్రీ అన్నాక కాదనేదేముంది?

రాత్రి ఫోన్లో అమ్మకి చెప్పా. అమ్మ నవ్వింది. "ఒలమ్మా, ఆ ఊర్లో డబ్బులిచ్చి మరీ ఆయాసపడతారేటే?" అంది. ఇప్పుడు ఫ్రీయే అమ్మా అంటే, "ఊరికే అయినా ఆయాసం ఆయాసమే కదా" అంది. అమ్మ రోజూ గెడ్డ నుంచి నీళ్ల బిందెతో మెరక ఎక్కుతుంది. ఆమెకి ఈ జిమ్ గోల వింతగా ఉండటంలో తప్పు లేదు.

వెళ్లేసరికి ఇరవై ఐదు మంది దాకా ఉన్నారు. ఉద్యోగాలు చేసే అన్నలు, అక్కలు, యాభై దాటిన ఒక ఆంటీ. గోడ నిండా అద్దం. నాకు ఉన్నవి గురుకులంలో ఇచ్చిన పాత పీటీ బూట్లు, కాలేజీ స్పోర్ట్స్ డే టీషర్టు, చుడీదార్ ప్యాంటు. అద్దంలో నన్ను నేను చూసుకోకుండా వెనక లైన్లో గోడ పక్కన నిలబడ్డా.

పద్ధతి చెప్తా, తెలియని వాళ్లకి పనికొస్తుంది. గోడ మీద ఎర్ర అంకెల గడియారం ఉంటుంది. 40 సెకన్లు చేతనైనంత గట్టిగా చెయ్యాలి, 20 సెకన్లు ఆగాలి. మళ్లీ ఇంకో కసరత్తు. గుంజీల్లాంటి స్క్వాట్లు, ఉన్నచోటే పరుగు, చేతులు నేలకానించి మోకాళ్లు ఛాతీ దాకా లాగడం, తర్వాత బర్పీ. బర్పీ అంటే కిందికి కూర్చుని, చేతులు ఆనించి, కాళ్లు వెనక్కి విసిరి, మళ్లీ దగ్గరికి లాక్కుని లేచి నిలబడాలి. జిమ్‌లో అయితే చివర్లో గెంతిస్తారు కూడా. దీన్ని 1930లలో అమెరికాలో రాయల్ బర్పీ అనే ఆయన ఒంటి దారుఢ్యం ఎలా ఉందో చూసే పరీక్షగా తయారుచేశాడట. ఆ పరీక్షలో చెయ్యాల్సింది నాలుగంటే నాలుగే. మాతో మొదటి రోజే అరవై దాకా చేయించారు!

ఇంకో పేరు కూడా అక్కడ బాగా వినిపిస్తుంది, టబాటా. అది జపాన్ శాస్త్రవేత్త ఇజుమి టబాటా పేరు. 1996లో ఆయన బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. సైకిల్ యంత్రం మీద 20 సెకన్లు ప్రాణం పెట్టి తొక్కడం, 10 సెకన్లు ఆగడం, ఇలా ఏడెనిమిది సార్లు. ఆరు వారాల తర్వాత చూస్తే, ఊపిరి సామర్థ్యంతో పాటు, ఊపిరి చాలనప్పుడు కూడా కండ పనిచేసే శక్తి 28 శాతం పెరిగింది. గంటసేపు మామూలు వేగంతో తొక్కిన వాళ్లకి మొదటిది పెరిగింది గానీ రెండోది పెరగలేదు. నాలుగు నిమిషాల్లో ఇంత లాభమా అని ప్రపంచమంతా దీని వెనక పడింది. అయితే ఆ నాలుగు నిమిషాలు ఒంట్లో ఏమీ మిగలనంత గట్టిగా తొక్కించారు. ఆ సంగతి జిమ్ పోస్టర్ మీద ఉండదు.

మొదటి రోజు క్లాసు అయ్యాక ట్రైనర్ సార్ "ఏ ఊరమ్మా మీది?" అని అడిగారు. పాడేరు దగ్గర అన్నా. ఆయన మొహం వెలిగిపోయింది. "ఓ, ఏజెన్సీయా! మీకు స్టామినా పుట్టుకతోనే వస్తుంది కదా. రేపట్నుంచి ముందు లైన్లో నిలబడు. వీళ్లందరికీ నిన్ను చూసి సిగ్గు రావాలి" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కూడా కొట్టారు.

ఈ మాట మనలో చాలామంది వినే ఉంటారు. మెచ్చుకోలు లాగే ఉంటుంది గానీ మెడ మీద కాడిలా పడుతుంది. ఇక అందరూ ఆగినా మనం ఆగకూడదు. మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. అదేదో పుట్టుకతో వచ్చిందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆమె, ఆమెతో ఎక్కిన ఆనంద్ కుమార్ భువనగిరి కోట రాళ్ల మీద శిక్షణ మొదలుపెట్టి నెలల తరబడి కష్టపడ్డారు. ఆ కష్టాన్ని "రక్తంలోనే ఉంది" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే ఎలా?

నిజం చెప్పాలంటే మా అమ్మ మెరక ఎక్కడం వేరు, ఈ క్లాసు వేరు. అమ్మ తన లెక్కలో ఎక్కుతుంది. మధ్యలో బండ మీద బిందె దించి ఆగుతుంది, పక్కింటి పిన్నితో రెండు మాటలు మాట్లాడి మళ్లీ ఎత్తుకుంటుంది. అది చాలాసేపు సాగే నిదానమైన పని. ఇక్కడ గడియారం చెప్పినప్పుడే ఆగాలి. ఒకదానికి అలవాటుపడ్డ ఒంటికి రెండోది దానంతట అది రాదు. పైగా నేను మూడేళ్లుగా హాస్టల్ పిల్లని. ఊళ్లో పొద్దున్నే చోడి అంబలి తాగేదాన్ని. ఇక్కడ సగం రోజులు టిఫిన్ మానేసి బస్సెక్కుతా.

అసలు విషయానికి వస్తా. రెండో రోజు ఒక ఫారం ఇచ్చారు. గుండె జబ్బు ఉందా, బీపీ ఉందా, ఆస్తమా ఉందా, ఎముకలు విరిగాయా అని వరసగా ఉంది. చివర్లో "ఇతరములు" అని ఒక ఖాళీ గీత. ఆ గీత దగ్గర పెన్ను ఆగింది. నా దగ్గర మా పీహెచ్‌సీలో పరీక్ష చేసి ఇచ్చిన సికిల్ సెల్ కార్డు ఉంది. నాది ఏఎస్. అంటే జబ్బు లేదు, వాహకురాలిని. మా పిన్ని కొడుకుది ఎస్ఎస్. వాడికి జబ్బే. చలికాలం వస్తే ఎముకల నొప్పులతో వాడు ఏడ్చే ఏడుపు మా వీధంతా వింటుంది.

అక్క నా చెయ్యి పట్టుకుంది. "రాయకే. రేపు ఈ మాట ఎక్కడెక్కడికి పోతుందో. పెళ్లి సంబంధాల దాకా పోతుంది" అని చెవిలో చెప్పింది. అక్క భయం నాకు తెలుసు. మా ఊళ్లోనే కార్డులు బియ్యం డబ్బాలో దాచేసిన ఇళ్లు ఉన్నాయి. కానీ ముందు లైన్లో నన్ను నిలబెట్టి, ఆగొద్దని అరిచే మనిషికి నా రక్తం సంగతి తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? రాసేశా.

సార్ చదివి, పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, "అంటే... అంటుకుంటుందా అమ్మా?" అన్నారు. లేదు సార్, అమ్మానాన్నల నుంచి వస్తుంది, ముట్టుకుంటే రాదు అని చెప్పా. ఆయనకి కోపం రాలేదు, ఎగతాళి చేయలేదు. తెలియదు, అంతే. మర్నాడు మాత్రం ఫోన్లో చదివి వచ్చారు. "నీ గడియారం నీదే. నువ్వు ఎప్పుడు ఆగాలంటే అప్పుడు ఆగు" అన్నారు.

మన పిల్లలందరికీ తెలియాల్సింది ఇది. అమ్మానాన్నలిద్దరి నుంచీ సికిల్ జన్యువు వస్తే ఎస్ఎస్, జబ్బు. ఒక్కరి నుంచే వస్తే ఏఎస్. ఏఎస్ వాళ్లకి మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు, ఆటలు ఆడొచ్చు, పరుగెత్తొచ్చు. కానీ ఎండలో, నీళ్లు తాగకుండా, విరామం లేకుండా ఒళ్లు విరిగేలా పరుగులు తీస్తే కొందరికి ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. రక్తం అందక కండ కరిగిపోతుంది. ఆ విషం కిడ్నీలకీ గుండెకీ చేరితే ప్రాణం మీదకి వస్తుంది. 2006లో అమెరికాలో డేల్ లాయిడ్ అనే పంతొమ్మిదేళ్ల ఫుట్‌బాల్ ఆటగాడు ప్రాక్టీసులో వంద గజాల పరుగులు వరసగా పదహారు తీసి కుప్పకూలి, మర్నాడు చనిపోయాడు. అతనిది ఏఎస్ అని తర్వాత తెలిసింది. ఆ తర్వాతే 2010లో అక్కడి కాలేజీ క్రీడల సంఘం పెద్ద జట్ల ఆటగాళ్లకి ఈ పరీక్ష నియమం తెచ్చింది.

భయపడకండి, రెండో వైపు కూడా ఉంది. 2016లో అమెరికా సైన్యంలో సుమారు 48 వేల మంది నల్లజాతి సైనికుల మీద చేసిన అధ్యయనం వచ్చింది. ఏఎస్ వాళ్లలో కండ కరిగే ప్రమాదం మిగతావాళ్ల కంటే దాదాపు సగం ఎక్కువ ఉంది. చనిపోయే ప్రమాదం మాత్రం ఎక్కువ లేదు. అక్కడ నీళ్లు, విరామం, ఎండ జాగ్రత్తలు అందరికీ పాటిస్తారు. జాగ్రత్త ఉంటే ఏఎస్ మనిషి సైనికుడు కూడా కావచ్చన్నమాట.

నాలుగో రోజు నాకే పరీక్ష వచ్చింది. ఐదో రౌండులో తొడలు బరువెక్కాయి. పిక్క పట్టేస్తే కండ రాయిలా గట్టిపడుతుంది, చేతికి తెలుస్తుంది. నేను నొక్కి చూసుకున్నా. మెత్తగానే ఉంది, కాలు మాత్రం మాట వినట్లేదు. సికిల్ వల్ల వచ్చే ఇబ్బంది ఇలాగే ఉంటుందని మా పీహెచ్‌సీ డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది. ఆగి కూర్చున్నా. పక్కనున్న అన్న "అప్పుడే అయిపోయిందా, పాడేరూ?" అన్నాడు. అద్దంలో అందరూ గెంతుతున్నారు, నేనొక్కదాన్నే నేల మీద. సిగ్గుగానే అనిపించింది, అబద్ధం చెప్పను. అయినా లేవలేదు. ఆ రోజుకి ఇక చేయలేదు. నీళ్లు తాగి, ఫ్యాన్ కింద కూర్చుని, అక్కతో కలిసి అక్కణ్నుంచే ఆసుపత్రికి వెళ్లి చూపించుకున్నా. ఏమీ కాలేదు, రెండు రోజులు ఆగి మెల్లగా మొదలుపెట్టమన్నారు. మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా రావాలన్నారు.

ఏడో రోజు వెళ్లా. మళ్లీ వెనక లైనే, గోడ పక్కనే. ఈసారి సిగ్గుతో కాదు, చల్లగాలి అక్కడే బాగా వస్తోంది. ఆ యాభై దాటిన ఆంటీ పక్కకి వచ్చి, "నువ్వు కూర్చున్న రోజు నాకు ధైర్యం వచ్చిందమ్మా. మోకాళ్లు నొప్పులని నేనూ ఎప్పట్నుంచో కూర్చుందామనుకుంటున్నా" అంది. ఇద్దరం గెంతకుండా చేశాం. చెమట మాత్రం బాగానే పట్టింది.

వారం తర్వాత నెలకి 2,500 అన్నారు. అది మన పని కాదు. కానీ ఆ పద్ధతి ఎవరి సొత్తూ కాదు కదా. ఇప్పుడు సాయంత్రం ఎండ తగ్గాక హాస్టల్ మేడ మీద ఏడుగురం చేస్తున్నాం. ఫోన్లో టైమర్, పక్కన నీళ్ల బాటిళ్లు. మొదటి రెండు వారాలు 20 సెకన్లు పని, 40 సెకన్లు విశ్రాంతి పెట్టుకున్నాం. ఆ తర్వాతే మెల్లగా పెంచాం. మా ఊళ్లో థింసా కూడా అంతే. మోరి ఊదడం మొదలయ్యాక అడుగు నిదానంగా పడుతుంది, డప్పు వేగం పెరిగితే కాళ్లూ పెరుగుతాయి. అలిసినవాళ్లు వరస వదిలి వెళ్లి కూర్చుంటే చేతులు దగ్గరికి కలుస్తాయి, ఆట ఆగదు. ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగరు.

మేడ మీద మేం పెట్టుకున్న కట్టుబాట్లు చెప్తా, మీరూ పెట్టుకోండి. ఖాళీ కడుపుతో చేయం, ఒక అరటిపండో గుప్పెడు వేరుశనగలో తిని వస్తాం. జ్వరం ఉన్న రోజు, నిద్ర లేని రోజు చేయం. కాళ్లు బరువెక్కినా, ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా అక్కడితో ఆపేస్తాం. "ఇంకొక్కటి" అని ఎవరినీ బలవంతపెట్టం. ఎవరైనా పడిపోతే 108కి ఫోన్ చేసి, మనిషిది ఏఎస్ అయితే ఆ మాట ముందే చెప్తాం. ఎస్ఎస్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టరుని అడగకుండా ఇలాంటివి మొదలుపెట్టకూడదు. ఇంకో మాట, ఆడపిల్లలు హిమోగ్లోబిన్ చూపించుకోండి. 12 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. మా ఏడుగురిలో నలుగురికి తక్కువే వచ్చింది. వాళ్లు ఇప్పుడు మాత్రలు వాడుతున్నారు.

సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జులై 1న మొదలైంది. నలభై ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని లక్ష్యం. పరీక్ష ఉచితం. పెళ్లి మాట వచ్చింది కాబట్టి అది కూడా చెప్తా. ఇద్దరూ ఏఎస్ అయితే పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగో వంతు ఎస్ఎస్ అయ్యే అవకాశం ఉంది. కార్డు దాచుకుంటే ఈ లెక్క మారదు, తెలియకుండా పోతుంది అంతే. మా తమ్ముడి నొప్పి చూసినదాన్ని కాబట్టి అడుగుతున్నా.

ఈసారి సెలవులకి ఊరెళ్లినప్పుడు పీహెచ్‌సీకి వెళ్లి కార్డు తీసుకోండి. ఉన్నవాళ్లు దాన్ని బియ్యం డబ్బాలోంచి తీసి పర్సులో పెట్టుకోండి. గ్రౌండ్‌లో కోచ్‌కి, పీడీ సార్‌కి చెప్పండి. మా అక్క పోయిన వారం పరీక్ష చేయించుకుంది. ఆమెది ఏఏ అని వచ్చింది. ఇప్పుడు మేడ మీద టైమర్ పట్టుకుని నా మొహం చూస్తూ నిలబడేది ఆమే.