బొమ్మ తిరుగుబాటుది, బొరుసు శాంతిది

లండన్ నుంచి ఆక్స్‌ఫర్డ్‌కైనా, టాంటన్‌కైనా రీడింగ్ మీదుగా పోవచ్చు. రీడింగ్‌లో ఉన్న మా తమ్ముడింట్లో దిగడానికి అదొక సాకు. "లండన్ చూపిస్తానంటే వద్దంటావు, చిల్లర చూడ్డానికి ఊళ్లు తిరుగుతావేంటి అన్నయ్యా?" అని వాడి గోల. గెలిచిన రాజుల గొప్పలు రాసిపెట్టడానికి ఆస్థానాల నిండా మనుషులుంటారు. ఓడినవాడి తరఫున మాట్లాడేది చాలాసార్లు వాడు కొట్టించిన నాణెమొక్కటే. నా పిచ్చంతా ఆ నాణేల మీదే.

ముందు ఆక్స్‌ఫర్డ్. ఆష్మోలియన్ మ్యూజియంలో నేను వెతుక్కుంటూ వెళ్లింది డొమిషియానస్ నాణెం కోసం. మన రూపాయి బిళ్లంత ఉంటుందేమో, నల్లబడిపోయింది. బొమ్మ వైపు గడ్డం, తల మీద సూర్యకిరణాల కిరీటం, చుట్టూ పేరు. క్రీ.శ. 271 ప్రాంతంలో, రోమ్ నుంచి విడిపోయిన గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) రాజ్యంలో ఇతను కొద్దికాలం సింహాసనమెక్కాడు. ఆ పేరుగల సేనాని ప్రస్తావన పాత గ్రంథాల్లో తగులుతుంది గానీ, చక్రవర్తిగా ఏలాడని ఎవరూ రాయలేదు. 1900లో ఫ్రాన్స్‌లో ఇతని నాణెం ఒకటి దొరికితే నకిలీదేమోనని పక్కన పెట్టారు. 2003లో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి చాల్‌గ్రోవ్‌లో ఒక కుండ బయటపడింది. అందులో ముద్దకట్టుకుపోయిన దాదాపు 5,000 నాణేలను విడదీస్తే, వాటిలో ఇది కనిపించింది. రెండూ ఒకే అచ్చులతో కొట్టినవని తేలాక అనుమానం తీరింది. వందేళ్ల ఎడంతో, రెండు దేశాల నేలలు ఒకే సాక్ష్యం చెప్పాయన్నమాట.

బొరుసు వైపు సైనికుల ఐకమత్యాన్ని కీర్తించే రాత ఉంది. సైన్యంలో అదే ఉంటే ఇతనికి అంత తొందరగా కాలం చెల్లేది కాదు. తిరుగుబాటు నాణేలను నేను చదివే పద్ధతి ఇదే. ఇతనికి ఏం ఉందని కాదు, ఏం కావాలి, ఎవర్ని ఒప్పించాలి అని చూస్తాను. సైనికుడి చేతిలో నాణెం జీతమూ, కరపత్రమూ కూడా.

టాంటన్ కోటలోని సోమర్సెట్ మ్యూజియంలో కథ ఇంకా పెద్దది. 2010లో ఫ్రోమ్ దగ్గర ఒకే కుండలో 52,503 నాణేలు దొరికాయి. బరువు 160 కిలోలు. వాటిలో ఏడొందలకు పైగా కరౌసియస్‌వి. ఇతను ఇంగ్లిష్ చానల్ నౌకాదళాధిపతి. సముద్రపు దొంగలను దోచుకోనిచ్చి, ఆ తర్వాత పట్టుకుని సొత్తు నొక్కేస్తున్నాడని అభియోగం వచ్చింది. చంపమని ఆజ్ఞ వెలువడగానే, 286లో, బ్రిటన్‌కు తానే చక్రవర్తినన్నాడు.

కుండను పొరలు పొరలుగా తవ్వడం వల్ల ఒక సంగతి బయటపడింది. అన్నిటికన్నా కొత్తవైన కరౌసియస్ నాణేలు ఎక్కువగా పైన లేవు, కుండ సగానికి దిగువన ఉన్నాయి. అంటే ఏళ్ల తరబడి కూడబెట్టింది కాదు, ఒకేసారి పోసి పూడ్చింది. దేవతలకు అర్పించిన మొక్కు కావచ్చంటారు.

కుండలోని అయిదు వెండి నాణేల ముందు చాలాసేపు నిలబడ్డాను. రోమ్ అసలు చక్రవర్తులు వెండి పూత నాణేలతో సరిపెట్టుకుంటుంటే, ఈ తిరుగుబాటుదారు మేలిమి వెండి కొట్టించాడు. కొన్నిటి మీద రోమన్ కవి వర్జిల్ కవిత్వంలోని స్వర్ణయుగపు వాక్యాన్ని పొడి అక్షరాలుగా చెక్కించాడు. ఇంకొన్ని నాణేల మీద తనను చంపాలనుకున్న ఇద్దరు చక్రవర్తుల పక్కన నిలబడి, వాళ్లను తన సోదరులుగా చాటుకున్నాడు. వాళ్లు ఆ వరస కలుపుకోలేదు. 293లో సొంత మంత్రి అలెక్టస్ ఇతన్ని చంపి గద్దెనెక్కాడు. 296లో రోమ్ సైన్యం అలెక్టస్‌నూ మట్టుబెట్టింది.

తిరుగు ప్రయాణానికి ముందు లండన్‌లో ఒక నాణేల దుకాణానికి వెళ్లాను. కరౌసియస్ రాగి నాణేలు రెండు ముందు పెట్టారు. ఒకటి నిండుగా, మెడ లావుపాటి రాజు స్పష్టంగా ఉన్నాడు. రెండోది అరిగింది, అదీ వేరే నాణెం మీద కొట్టింది. వంచి చూస్తే రాజు గడ్డం కింద పాత చక్రవర్తి కిరీటపు మొనలు తేలుతున్నాయి. బొరుసు మీద శాంతి దేవత.

"ఇంత అరిగినదాన్నా?" అన్నాడు తమ్ముడు, నేను రెండోదానికి డబ్బులు కడుతుంటే. కొత్త బిళ్ల పోతపోసే తీరిక కూడా లేక, దొరికిన పాత నాణెం మీదే తన ముఖం గుద్దించి, వెనక శాంతి అని రాయించుకున్నవాడి అవసరం మొదటిదానిలో కనపడదు కదా అన్నాను.