ముల్లు మధ్యకొచ్చిన రాత్రి

మా ఉస్తాద్ లారీలో హీట్ మీటరు ముల్లు ఎప్పుడూ కింది గీత మీదే పడుకుని ఉండేది. ఎండాకాలంలో ఘాటెక్కేటప్పుడు బద్ధకంగా కాస్త తల లేపి, మన్ననూర్ దాటగానే మళ్ళీ పడుకునేది. "సూడుండ్రి, నా ఇంజన్ కుండల నీల్ల లెక్క సల్లగుంటది" అని హోటళ్ళ దగ్గర తోటి డ్రైవర్లకు చెప్పుకునేవాడు. నేను క్లీనర్ని. ఆ గొప్పలో నాకూ ఓ వాటా ఉండేది.

ఆ చల్లదనానికి కారణం ఒకటే. బండి మా చేతికి రాకముందే ఎవరో తర్మస్టాట్ వాల్వు పీకేశారు. మా దిక్కు అదే వైద్యం. బండి వేడెక్కుతోందంటే మొదట పోయేది ఆ వాల్వే. అది లేకపోతే నీళ్ళు అడ్డూ ఆపూ లేకుండా రేడియేటర్‌కు పోయి వస్తూనే ఉంటాయి, ఇంజన్ ఎన్నడూ సరిగ్గా కాగదు. కాగని సిలిండర్‌లో డీజిలు పూర్తిగా మండదు. మండకుండా మిగిలింది గోడల వెంట జారి, కింద ఆయిల్లో కలిసి దాన్ని పల్చన చేస్తుంది. చలికాలం పొద్దున హాజీపూర్ చౌరస్తాలో బండి స్టార్ట్ చేస్తే తెల్లపొగ రోడ్డంతా కమ్మేది. ఆయిల్ కడ్డీ తీసి చూస్తే డీజిలు వాసన. ఆ వాసన నా ముక్కుకు ఇప్పటికీ గుర్తే. దానర్థం మాత్రం అప్పుడు తెలీదు.

1996 అనుకుంటా, 97 కూడా కావచ్చు. శ్రీశైలం ఎడమగట్టున కొండ లోపల కరెంటు కేంద్రం కడుతున్న రోజులు. నల్గొండ వైపు నుంచి సిమెంటు ఎత్తుకుని దేవరకొండ, డిండి, హాజీపూర్ మీదుగా ఘాటెక్కి, మన్ననూర్, వటవర్లపల్లి దాటి ఈగలపెంటలో దించేవాళ్ళం. అక్కడ 150 మెగావాట్ల యంత్రాలు ఆరు పెట్టారని, మొత్తం 900 మెగావాట్లని చాలా ఏళ్ళకు పేపర్లో చదివాను. అప్పుడు నాకు తెలిసిందల్లా బస్తాల లెక్క, టార్పాలిన్ తాడు ముడి.

ఒకసారి ఇంజన్ ఆయిల్ తాగడం ఎక్కువైతే అచ్చంపేటలో విప్పించాం. మేస్త్రి ముసలాయన, కళ్ళద్దాల కాలుకు దారం చుట్టి ఉండేది. రింగులు మార్చి, కొత్త తర్మస్టాట్ కూడా వేస్తానన్నాడు. ఉస్తాద్ వద్దన్నాడు. మేస్త్రి మాట్లాడకుండా ఆ వాల్వుకు దారం కట్టి, పక్క చాయ్ హోటల్లో మరుగుతున్న గిన్నెలోకి వదిలాడు. అరచేతిలో పట్టేంత ఇత్తడి వస్తువు, అంచు మీద 82 అని అచ్చు. చూస్తుండగానే దాని మధ్య బిళ్ళ మెల్లగా కిందికి జరిగింది. బయటికి తీసి చల్లారనిస్తే మూసుకుంది.

"దీని కడుపుల మైనం ఉంటది బేటా. 82 డిగ్రీలకు కరగవట్టి తలుపు తెరుస్తది. అందాక నీల్లు ఇంజన్‌లనే తిరుగుతయ్. సల్లగుండేది పీనుగ, ఇంజన్ కాదు" అన్నాడు.

ఆ మాట విన్నాను, ఆ బిళ్ళ కదలడం చూశాను. నమ్మలేదు. పద్దెనిమిదేళ్ళ వయసు, ఉస్తాద్ మాటే వేదం.

ఉస్తాద్ గొణుగుతున్నా మేస్త్రి ఆ వాల్వు బిగించే పంపాడు. ఆ తర్వాత మొదటి లోడు. ఏప్రిల్ నెల, తునికాకు కోత మొదలైన రోజులు. హాజీపూర్ దాటాక ఉస్తాద్ నడుం నొప్పంటూ వెనక సీటు మీద వాలి స్టీరింగ్ నాకిచ్చాడు. నాకప్పుడు లైసెన్స్ లేదు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, ఆ రాత్రి మాత్రం రాజులా కూర్చున్నాను. ఘాట్ మొదలైంది. రెండో గేరు. కిటికీలోంచి ఇప్పపువ్వు వాసన, దాని వెనకే వేడి రబ్బరు వాసన.

ముల్లు లేచింది. సగం దాకా వచ్చి ఆగక, ఇంకొంచెం పైకి పోయింది. అది 90 దగ్గర ఉందా, 95 దగ్గరా? ఎవరికి చెప్పినా ఒక్కో గీత పెంచుతూ వచ్చాను, ఇప్పుడు నా జ్ఞాపకంలో అది ఎర్రగీతను ముట్టుకుని ఉంది. నిజంగా అంత ఎక్కి ఉండదు. నిండు లోడుతో ఘాటెక్కే ఇంజన్‌కు అది మామూలు వేడే. కానీ ఏళ్ళ తరబడి పడుకున్న ముల్లునే చూసినవాణ్ణి, అది లేచి నిలబడితే దయ్యం లేచినట్టే అనిపించింది.

బండి ఆపి, టక్కున ఇంజన్ కూడా ఆపేశాను. అదే నేను చేసిన పెద్ద తప్పు. ఇంజన్ ఆగితే నీళ్ళ పంపు ఆగుతుంది, ఫ్యాన్ ఆగుతుంది. ఘాటెక్కిన ఇనుములోని వేడంతా కదలని నీళ్ళలోకి దిగుతుంది. అప్పటిదాకా మరగని నీళ్ళను నేనే మరిగించాను. చక్రం కింద రాయి పెట్టి, గుడ్డ చుట్టి రేడియేటర్ మూత తిప్పాను. ఆ మూత లోపలి ఒత్తిడిని పట్టి ఉంచబట్టే నీళ్ళు వంద దాటినా ఓర్చుకుంటాయని నాకెవరు చెప్పారు? తుప్పు నీళ్ళు ముఖమంత ఎత్తు లేచాయి. ముఖం తప్పించాను, కుడి మోచేయి కింద కాలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఉస్తాద్ దిగొచ్చి ఆవిరిని చూశాడు. "కొత్త వాల్వుతోనే జరమొచ్చింది దీనికి" అన్నాడు. నేను తలూపాను. ఇంజన్ ఆపింది నేనని చెప్పలేదు.

పానాలు తీసేలోపే పోలీసు జీపొకటి వచ్చి ఆగింది. నల్లమలలో రాత్రిపూట లారీ నిలబడిందంటే, అడవి లోపలి నక్సలైట్లకు ఏదో దించుతున్నారని అనుమానించే కాలం అది. టార్పాలిన్ విప్పించారు. బస్తాలు తట్టి చూశారు. ఎవరికోసం ఆగారని అడిగిందే అడిగారు. చివరికి ఒకాయన టార్చి నా చేతి మీద వేసి, "ఏందిరా ఇది?" అన్నాడు. పొక్కు లేచిన చర్మాన్ని చూసి ఇంకేమీ అడగలేదు. ఆయన ముఖం గుర్తులేదు, టార్చి వెలుగులో మెరిసిన ఉంగరం గుర్తుంది.

వాళ్ళు పోయాక వాల్వు విప్పి, గ్యాస్కెట్ చిరిగితే సిగరెట్ డబ్బా అట్ట కత్తిరించి పెట్టి, క్యాన్ల నీళ్ళు పోశాం. ఇత్తడి వాల్వును ఉస్తాద్ నా చేతిలో పెట్టి పారేయమన్నాడు. బలమంతా పెట్టి లోయలోకి విసిరాను. శబ్దం వినిపించలేదు. ఈగలపెంట చేరేదాకా ముల్లు హాయిగా పడుకునే ఉంది. మేమిద్దరం గెలిచినట్టు బీడీలు కాల్చుకున్నాం.

అచ్చంపేట మేస్త్రి తర్వాత వాల్వేదని అడిగితే, రూట్లో కరాబైందని అబద్ధం చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, అంతే. రెండేళ్ళు తిరక్కుండానే ఇంజన్ మళ్ళీ ఆయిల్ తాగడం మొదలెట్టింది. ఫైనాన్స్ కిస్తీలు తప్పాయి, ఉస్తాద్ బండి అమ్ముకున్నాడు. అదంతా వాల్వు లేకే అని ఒట్టేసి చెప్పలేను. రేడియేటర్లో పోసిన బోరు నీళ్ళ ఉప్పు పాలెంతో, మేమెక్కించిన ఓవర్‌లోడు పాలెంతో.

ఇప్పుడు నాకు చిన్న రేడియేటర్ల షాపుంది. మన్ననూర్ చెక్‌పోస్టు గేటు రాత్రి తొమ్మిదింటికి మూసి పొద్దున ఆరింటికి తీస్తున్నారు, పులుల కోసం. పొద్దున గేటు దాటి వచ్చే కుర్ర డ్రైవర్లలో ఎవరో ఒకరు, "కొత్త వాల్వు ఏసినంక ముల్లు నడిమికొచ్చిందన్నా, తీసెయ్" అంటారు. గిన్నెలో నీళ్ళు పెట్టి, దారం కట్టి చూపిస్తాను. కొత్తది వేశాక పైపుల్లో గాలి చిక్కుకుంటుంది, అది పోయేదాకా నీళ్ళు చూసుకుంటూ పోయాలని చెప్తాను. ముల్లు నిజంగానే ఎర్రగీత ముడితే బండి ఆపి, ఇంజన్‌ను మాత్రం కాసేపు నెమ్మదిగా తిరగనివ్వమంటాను. మూత జోలికి పోవద్దని చెప్పేటప్పుడు చొక్కా చెయ్యి పైకి మడుస్తాను.

ఉస్తాద్ పోయి ఆరేళ్ళయింది. చివరిదాకా ఆయన ఆ వాల్వునే తిట్టాడు. పక్కన కూర్చుని నేనూ తలూపుతూనే ఉన్నాను.